‘పడదు’ అను మాట: ఎలర్జీ పుట్టుక

(సంఘ వార్షిక మహాసభ రెండవనాటి ఉదయమున చేసిన యుపన్యాస పాఠము)



విద్యానిధిని గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు మన మహాసభలలో ఏటేట ప్రసంగములు జరుగుచునే యున్నవి. ఈ యేడు ఆహ్వానసంఘమువారు వైద్యవిషయ మొకటి యుండవలెనని తలచి ఆ భారమును మాపై నుంచిరి. విషయమునకై మేము దూరము పోవలసిన పని లేకపోయెను. అది మన విందులలోనే యున్నది.

కొంతకాలము క్రిందట మన బంధువర్గమున జరిగిన యొక వివాహములో, పంక్తిలో కూర్చున్న 17 ఏండ్ల విద్యార్థి యొకడు రొయ్యల వేపుడు వడ్డింపవచ్చినపుడు ‘నాకు పడదండీ’ యని విస్తరికి చేయి యడ్డము పెట్టెను. అంతకు ముందు రెండు పర్యాయములు రొయ్యలు తినినప్పుడు అతనికి ఒడలెల్ల దద్దురులు లేచెను. ఇంటివారు ‘వేడి చేసినది’ యని మజ్జిగ త్రాగించి ఊరకుండిరి. ఇప్పుడు పెండ్లివారి పెద్ద యొకరు, ప్రేమతోనే, ‘ఒక్కటి తినిన నేమగును నాయనా, మా యింటి వంట కాదందువా?’ యనిరి. మొహమాటమునకు పిల్లవాడు రెండు తినెను. చేయి కడుగుకొనక మునుపే పెదవులు వాచెను, గొంతు బొంగురుపోయెను, పావుగంటలో నిలువలేక కూలబడెను. ఒకరు చింతపండు పులుసనిరి, ఒకరు విసనకఱ్ఱ తెచ్చిరి, ఒకరు దిష్టి యనిరి. ఆసుపత్రి దగ్గరలో నుండుటచేతను, ఒక యువకుడు ఎవరినడుగక బండిలో వేసికొని పోవుటచేతను ప్రాణము దక్కెను. ఆ పెద్దమనిషిని నిందించుట మా యుద్దేశము కాదు. ఆయన చేసినది మనలో నూటికి తొంబదిమందిమి చేయునదే. అట్లు చేయుటకు కారణము ఈ వ్యాధి నడక మనకు తెలియకుండుట. ఆ నడకను చెప్పుటకే మేము నిలిచియున్నాము.

‘పడదు’ అనునది మన భాషలో నెంతో సొగసైన మాట. వంకాయ పడదు, పాలు పడవు, ఆ యూరి నీరు పడదు, అన్నదమ్ములకు పడదు: అన్నిటికి నది యొక్కటే. అంత విశాలమైన మాట యగుటచేతనే అపాయము కూడ వచ్చినది. ప్రాణము తీయునదియు, నాలుక చురుక్కుమనిపించునదియు ఒకే మాటలో దాగినపుడు వినువాడు రెంటిని తేలికగనే చూచును. కావున మొదట వీనిని వేరుపరుపవలెను.

కందగడ్డ నోట దురద పెట్టుట ఎలర్జీ కాదు. ఆ గడ్డలో సూదులవంటి సన్నని స్ఫటికములు గలవు. అవి నాలుకకు గ్రుచ్చుకొనును. సరిగా ఉడుకనిచో తినినవారికెల్ల నదే గతి. దూలగొండి నూగు తగిలినపుడు పుట్టు దురదయు నట్టిదే. పాలు త్రాగిన కడుపుబ్బరము, నీళ్ల విరేచనములు కలుగువారు మనలో ననేకులు కలరు. పాలలోని చక్కెరను విడగొట్టు జీర్ణద్రవ్యము వయస్సు వచ్చినకొలది చాలమందికి తగ్గిపోవుటయే అందుకు కారణము. బాధ కలదు గాని ప్రాణభయము లేదు. పెరుగు వారిలో చాలమందికి సరిపడును. ఇంకొకటి చిత్రమైనది. టూనా వంటి సముద్రపు చేపలు పట్టిన పిమ్మట చల్లదనములో నుంచనియెడల, అందు సూక్ష్మజీవులు చేరి హిస్టమిను అను ద్రవ్యమును పుట్టించును. వండినను అది పోదు. అట్టి చేప తినినవారికి ముఖమెఱ్ఱబారి దద్దురులు లేచును. చూచుటకు ఎలర్జీవలెనే యుండును గాని, ఆ ద్రవ్యము చేపలో నుండి వచ్చినది. పంక్తిలో పలువురికి ఒకేమారు వచ్చుటయే దాని గుర్తు.

నిజమైన ఎలర్జీలో వంటకమునందు ఏ దోషమును లేదు. నూరుమంది అదే తిని సుఖముగా నిద్రింతురు. నూటయొకటవ వానికే కీడు మూడును. అతనిలో పుట్టు హిస్టమిను బయటనుండి వచ్చినది కాదు. అతని దేహమును కాపాడుటకై యున్న రక్షణసైన్యమే దానిని విడిచినది. అనగా అది బలహీనుల వ్యాధి యనుట పొరపాటు. సైన్యము బలముగనే యున్నది, శత్రువును గుర్తించుటలోనే తప్పినది.

ఈ సంగతి వెల్లడియైన విధము మిక్కిలి వింతగొలుపునది. 1901వ సంవత్సరమున మొనాకో రాజగు మొదటి ఆల్బర్టు తన ఓడమీద సముద్రయానము చేయుచు ఫ్రెంచి శాస్త్రజ్ఞులగు షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనువారిని వెంటగొనిపోయెను. అలలపై తేలియాడు ఒక విషజీవి యొక్క విషమును పరీక్షింపుడని వారిని ప్రోత్సహించెను. వారు స్వదేశమునకు మరలి వచ్చిన పిదప, సముద్రపు పువ్వువలె నుండు మఱియొక జలజీవి విషముతో కుక్కలపై పరిశోధన సాగించిరి. కొలది కొలదిగా ఇచ్చినచో మశూచికి టీకావలె దేహము విషమునకు అలవాటుపడునేమోయని వారి యూహ. నెప్ట్యూన్ అను పేరుగల బలిష్ఠమైన కుక్కకు స్వల్పమాత్ర యిచ్చిరి; దానికేమియు కాలేదు. 22 దినముల తరువాత, అది పూర్ణారోగ్యముతో నుండగా, మరల స్వల్పమాత్రనే యిచ్చిరి. క్షణములలో రొప్పుచు కూలి, రక్తము కక్కి, 25 నిమిషములలో అది చచ్చెను.

రక్షణ కలుగునని తలచినచోట దానికి విరుద్ధము కలిగెను. కావున రిషే ‘రక్షణకు వ్యతిరేకము’ అను నర్థము వచ్చునట్లు దానికి ఎనాఫిలాక్సిస్ అని పేరిడెను. 1913లో ఆయనకు నోబెల్ బహుమాన మీ పరిశోధనకే లభించెను. వియన్నా పట్టణపు శిశువైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే, గుఱ్ఱపు రక్తరసమును మందుగా పొందిన పిల్లలలో రెండవసారి మరింత త్వరగా జ్వరమును దద్దురులును వచ్చుటను గమనించి, దేహము ‘మార్పుచెందిన రీతిగా’ ప్రవర్తించుచున్నదను భావముతో 1906లో ఎలర్జీ అను మాటను కల్పించెను.

నెప్ట్యూన్ కథ మన యిండ్లకు మిక్కిలి దగ్గరిది. ‘మొన్న తినినప్పు డేమియు కాలేదుగదా, నేడేల అగును?’ అని మనము వాదింతుము. ఈ వ్యాధిలో ఆ వాదము తలక్రిందులైనది. మొదటిసారి ఏమియు కాదు, ఏలయన మొదటిసారి దేహము సిద్ధపడుచుండును. మొదటిసారి ఎన్నడు జరిగెనో మనకు తెలియకనే పోవచ్చును.

లోపల జరుగునది యేమి? రొయ్యనే తీసికొందము. దాని కండలో ట్రోపోమయోసిన్ అను మాంసకృత్తు కలదు. అది కడుపులోనికిగాని, చిట్లిన చర్మముగుండగాని, ఉడుకునపుడు లేచు ఆవిరితోగూడ ఊపిరిలోనికిగాని చేరును. దేహపు వాకిళ్లయందెల్ల కొమ్మలవంటి చేతులుగల కావలికణములు కాచుకొనియుండును. అవి దొరకిన వస్తువును తునకలు చేసి సమీపమున నున్న లింఫుగ్రంథులకు, అనగా మనము బిళ్లకట్టినదని చెప్పుకొను తావులకు, మోసికొనిపోయి సహాయక తెల్లకణములకు చూపును. అచ్చట తీర్పు జరుగును. తినెడి వస్తువని ఊరకుండుట సాధారణమైన తీర్పు. మన దేహములు ప్రతిదినము వేలకొలది మాంసకృత్తులను గూర్చి యిట్టి తీర్పే చెప్పుచున్నవి, లేనిచో ఎవ్వరును అన్నము తినలేకపోవుదురు. కొందరిలో ఏ కారణముననో, కొంత వంశమువలనను, కొంత చర్మము చెడియుండుటవలనను, తీర్పు వేరగును. సహాయక కణములు ఇంటర్‌ల్యూకిన్ అను వార్తాహర ద్రవ్యములను విడుచును. అందలి 4వ, 13వ సంఖ్యల ద్రవ్యములను అందుకొనిన మఱియొక తెగ కణములు ఆ రొయ్య మాంసకృత్తునకే సరిపడునట్టి ప్రతిరక్షకములను చేయనారంభించును.

ప్రతిరక్షకములు మనలో ఐదు తెగలు: జి, ఎ, ఎం, డి, ఇ. వీనిలో మనకు కావలసినది ఇ-తెగ. ఆరోగ్యవంతుని రక్తములో నది జి-తెగలో కొన్ని పదివేల వంతులలో నొక వంతైనను ఉండదు. అంత స్వల్పమగుటచేతనే చిరకాలము చిక్కలేదు. అట్టిది ఒకటి కలదని తెలియుటకే ఒక సాహసము కావలసివచ్చెను. 1921లో జర్మనీ దేశమున హైన్జ్ కుస్ట్నర్ అను వైద్యునకు ఉడికించిన చేప పడదు. కార్ల్ ప్రౌస్నిట్స్ అను మఱియొక వైద్యునకు చేపవలన బాధలేదు. ప్రౌస్నిట్స్ తన మిత్రుని రక్తరసమును కొంచెము తన చర్మములోనికి ఎక్కించుకొని, మరునాడు అదేచోట చేపసారమును ఎక్కించుకొనెను. అంతవరకు చేపవలన ఏ బాధయు నెఱుగని చర్మముపై, సరిగా ఆచోటనే దద్దురు లేచెను. రక్తములోని ఏదో యొకటి చర్మములో నాటుకొని కూర్చుండి శత్రువుకొఱకు కాచుకొనియున్నదని దానివలన తేలినది. ఆ ఏదో యొకటి యేమియో తెలియుటకు మరి 45 ఏండ్లు పట్టెను. 1966లో అమెరికాలోని డెన్వర్‌లో జపానుదేశీయులగు ఇషిజాకా దంపతులు దానిని గుర్తించిరి. 1967లో స్వీడను దేశమున యోహాన్సన్, బెన్నిచ్ అనువారును స్వతంత్రముగా దానినే కనుగొనిరి. 1968లో ఇ-తెగ యని పేరు నిలిచెను.

ఈ ప్రతిరక్షకము రక్తములో నుండగా రెండు దినములలోనే సగమగును. మాస్టు కణములపై నెక్కి కూర్చుండినచో వారములకొలది యుండును. మాస్టు కణములను తొలుత వర్ణించినవాడు పాల్ ఎర్లిష్, 1878 ప్రాంతమున, విద్యార్థిదశలో. లోపలంతయు గింజలు క్రిక్కిరిసియుండుట చూచి, ఇవి బాగుగా మేసి బలిసిన కణములని తలచి జర్మను భాషలో ఆ పేరు పెట్టెను. అవి మేసినవి కావు, మందుగుండు నిండిన కొట్లు. చర్మము క్రింద, ముక్కులో, శ్వాసనాళములలో, ప్రేగుల గోడలలో, రక్తనాళముల చుట్టును, అనగా బయటివస్తువు లోనికి రాగల ప్రతి వాకిటను అవి నిలిచియున్నవి. ఒక్కొక్కదానిపై ఇ-తెగ ప్రతిరక్షకము కూర్చుండుటకు లక్షకొలది పీటలు కలవు.

ఇంతవరకు రోగికి ఏ బాధయు లేదు. ఒడలు దురదలేదు, జ్వరము లేదు. తుపాకులు నింపి గుఱిపెట్టి యుంచినట్లున్నది.

రెండవసారియో, ఇరువదియవసారియో రొయ్య వచ్చును. దాని మాంసకృత్తు ఇరుగుపొరుగున కూర్చున్న రెండు ప్రతిరక్షకములకు ఒకేమారు అంటుకొని వానిని వంతెనవలె కలుపును. ఒకదానికి మాత్రమే అంటిన నేమియు కాదు. రెండు కలిసినపుడే కణమునకు సంజ్ఞ యందును. కొలది నిమిషములలో గింజలు పగిలి హిస్టమిను వెలికివచ్చును. వెంటనే ఆ కణములు ల్యూకోట్రయీనులు మున్నగు మఱికొన్ని ద్రవ్యములను కొత్తగా తయారుచేయును. ఊపిరితిత్తుల గొట్టములను బిగించుటలో నివి హిస్టమినుకంటె ఎన్నోరెట్లు బలవత్తరములు. కొన్ని గంటల పిమ్మట ఇతర తెల్లకణములు గుంపుగా వచ్చిచేరి రెండవ దఫా వాపును కలిగించును. మధ్యాహ్నము తగ్గినది రాత్రి మరల రావచ్చుననుటకు ఇది యొక కారణము.

హిస్టమిను చేయుపని యొక్కటే: సన్నని రక్తనాళములను వెడల్పు చేసి వాని గోడలను వదులుపఱచును, దురద నరములను రేపును, మెత్తని కండను బిగించును. చోటునుబట్టి పేరు మారును. చర్మములో నైన దద్దురు, ముక్కులో నైన తుమ్ములు, కనులలో నైన నీరు, శ్వాసనాళములలో నైన పిల్లికూతలు, ప్రేగులలో నైన వాంతి. అన్నిచోట్ల ఒకేమారైనచో నెప్ట్యూన్‌కు వచ్చినదే వచ్చును. రక్తములోని ద్రవభాగములో మూడవవంతు దాక పది నిమిషములలో నాళములనుండి జారిపోగలదు. రక్తపు బొట్టు బయటపడకుండనే రక్తస్రావమైనట్లు మనుష్యుడు కూలిపోవును. ఆ వివాహములో పిల్లవానికి జరిగినది ఇదియే.

దేహమున నింత ప్రమాదకరమైన యేర్పాటు ఏల యున్నదని మీరడుగవచ్చును. దీని తొలి పని పురుగులతో పోరు. ఏలికపాము వంటి పెద్దజీవిని ఒక తెల్లకణము మ్రింగజాలదు. దురదపెట్టి, దగ్గించి, కక్కించి, చీమిడి కార్పించి బయటకు త్రోయుటయే మార్గము. ఎలర్జీ లక్షణములన్నియు సరిగా నవియే గదా! మన గోదావరి మండలములకు చిరపరిచితమైన బోదకాలు పురుగు విషయమున నిది స్పష్టముగా గాన్పించును. ఆ పురుగు పిల్లలు ఊపిరితిత్తులలో చిక్కుపడినపుడు కొందరిలో ఇ-తెగ ప్రతిరక్షకము విపరీతముగా పెరిగి, రాత్రులయందు ఉబ్బసమును పోలిన దగ్గు ఆయాసము పుట్టును. ఉబ్బసపు మందులతో లొంగని ఆ దగ్గు పురుగును చంపు మందుతో లొంగును. డైఇథైల్ కార్బమజీన్ అను ఆ మందును 1947లో లోకమునకిచ్చిన పరిశోధకబృందమునకు నాయకులు, 1895లో భీమవరమున జన్మించి అమెరికాలో పనిచేసిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. ఆ పేరు తలచుకొనునపుడు ఒక్కక్షణము ఆగవలెననిపించును.

పురుగులు, పశువులు, మన్ను తగ్గిన పట్టణములలో ఈ సైన్యమునకు పని తప్పి పుప్పొడిపై పడుచున్నదని కొందరి యూహ. 1989లో డేవిడ్ స్ట్రాకన్ అను ఆంగ్లేయుడు, అన్నలక్కలు ఎక్కువమంది గల పిల్లలకు పుప్పొడి పడిసెము తక్కువగా వచ్చుచున్నదని చూపి ఈ చర్చను లేవదీసెను. ఇందులో కొంత నిజమున్నదని మా యభిప్రాయము. అంతమాత్రమున పిల్లలకు చేతులు కడుగుకొనుట మాన్పింపుడని ఎవ్వరును చెప్పరు.

ఇంతవరకు చెప్పినదాని ఫలము కొన్ని ఆచరణాంశములందు కలదు. ట్రోపోమయోసిన్ వేడికి చెడదు. బాగుగా వేయించితిమి, ఎండబెట్టితిమి, పచ్చడి పెట్టితిమి అను మాటలు పనికిరావు. రొయ్యలు వేగిన నూనెలో కాల్చిన వడయు అపాయకరమే. పీతలలోను దాదాపు అదే మాంసకృత్తు కలదు. ఇంటి దుమ్ములోని కంటికి కనబడని ధూళిపురుగులయందును, బొద్దింకలయందును దానికి జ్ఞాతులున్నవి. కావున కొందరికి దుమ్మును రొయ్యయు రెండును పడవు. చేప మాత్రము వేరు. దానియందు దోషము కలిగించు మాంసకృత్తు మఱియొకటి యగుటచే రొయ్యలు పడనివారిలో పెక్కురు చేప తినగలరు. ఇది పరీక్షించి చెప్పవలసినది వైద్యుడు, వియ్యపురాలు కాదు.

మందుల విషయము మరికొంత చిక్కు. పెనిసిలిన్ వంటిది చాల చిన్న అణువు. తనంతట తాను సైన్యము కంట పడదు. అది మన సొంత మాంసకృత్తునకే అతుకుకొని దాని రూపు మార్చును. మారిన రూపును చూచి సైన్యము లేచును. ఒకసారి నిజముగా బాధపడినవాడు మందు పేరు వ్రాసి దగ్గర నుంచుకొనవలెను. ‘తెల్లమాత్ర పడదు’ అని చెప్పినచో వైద్యుడేమి చేయగలడు? మఱియొకవైపు, పెనిసిలిన్ పడదని ముద్రపడినవారిని శాస్త్రీయముగా పరీక్షించినపుడు పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి అది పడుచునే యున్నదని తేలినది. చిన్ననాటి జ్వరములో వచ్చిన ఎఱ్ఱని పొక్కులను మందుపై నెట్టుట ఇందుకు మూలము. భయమును గూడ పరీక్ష చేయించుకొనవలెను.

ఇ-తెగతో సంబంధములేని ఎలర్జీయు నొకటి కలదు. దానిని క్లుప్తముగా చెప్పెదము. బట్టలపై గుర్తు వేయుటకు రజకులు వాడు నల్లజీడి రసము కొందరి మెడమీద, నడుముమీద సరిగా ఆ గుర్తున్నచోటనే పొక్కులు పోయించును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇండియాకు వచ్చిన అమెరికను సైనికులలో ఈ పొక్కులు కనబడగా వారి వైద్యులు విచారించి మూలము చాకిరేవున నున్నదని కనుగొనిరి. మన పొలముల గట్లపై వ్యాపించిన వయ్యారిభామ మొక్క పీకువారికి చేతులు, ముఖము మందమెక్కి పగులుటయు నిట్టిదే. ఇందులో తెల్లకణములే స్వయముగా వచ్చి చర్మముపై పోరాడును, ఒకటి రెండు దినములు పట్టును, ప్రాణాపాయము అరుదు. వస్తువును తాకకుండుటయే మందు.

తల్లులకు ఒక మాట. వేరుశనగను పసిపిల్లలకు మూడేండ్లదాక పెట్టవద్దని అమెరికా శిశువైద్యుల సంఘమే 2000లో చెప్పెను, ఎలర్జీ భయము గల కుటుంబములకు. 2008లో ఆ మాటను వెనుకకు తీసికొనెను. 2015లో లండనులో గిడియన్ లాక్ బృందము ప్రకటించిన పరిశోధన విషయమును తారుమారు చేసినది. తీవ్రమైన చర్మవ్యాధియో, గ్రుడ్డు పడకపోవుటయో గల 640 మంది శిశువులను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు 4 మొదలు 11 నెలల వయస్సునుండియే వేరుశనగ పెట్టిరి, రెండవ భాగమునకు మాన్పించిరి. ఆరంభమున చర్మపరీక్షలో ఏ దోషమును లేనివారిలో, ఐదేండ్లు నిండునప్పటికి, మాన్పించిన పిల్లలలో నూటికి 13.7 మందికి, పెట్టిన పిల్లలలో నూటికి 1.9 మందికి ఎలర్జీ కనబడెను. లింఫుగ్రంథిలో జరుగునని చెప్పిన ఆ తీర్పు, కడుపు దారిన తొందరగా పరిచయమైన వస్తువు విషయమున మంచిదగుచున్నదన్నమాట. పసివారికి గింజలు పెట్టరాదు, గొంతున పడును. మెత్తగా నూరి పలుచన చేసి పెట్టవలెను. ఒడలు తీవ్రముగా పగులు బిడ్డకు, గ్రుడ్డు పడని బిడ్డకు వైద్యుని యడిగిన తరువాతనే. ఒకసారి దద్దురులు వచ్చిన బిడ్డకు ‘అలవాటు చేయుదము’ అని ఇంటిలో ప్రయోగము చేయుట మాత్రము మానవలెను.

ఇక సంబంధముల ప్రసక్తి. ఉబ్బసమున్నదని తెలిసిన సంబంధము తప్పిపోవునని ఆడపిల్లల తల్లిదండ్రులు దాచుచున్నారు. వైద్యవృత్తిలో నుండు మాకిది దుఃఖము కలిగించు విషయము. ఎలర్జీ అంటువ్యాధి కాదు. కుటుంబములలో సంక్రమించునది ఆ స్వభావమే గాని ఫలానా వస్తువు పడకపోవుట కాదు. తండ్రికి దుమ్ము పడనిచో కుమార్తెకు గ్రుడ్డు పడకపోవచ్చును, అన్నియు పడవచ్చును. దాచిన ఫలితమేమన, కొత్తకోడలు అత్తవారింట మొదటి పండుగనాడు పడనిది తినును, ఎవ్వరికిని చెప్పలేదు. ఆ యింటివారికి ఏమి చేయవలెనో తెలియదు. వరకట్నమును గూర్చి నిన్న తీర్మానము చేసిన మన సభ, వధూవరుల వివరపత్రములో ‘పడని మందులు, పడని ఆహారములు’ అని యొక పంక్తిని చేర్చి, ఆ కారణమున సంబంధము కాదనుట తగదని మఱియొక తీర్మానము చేయుట మేలు.

చికిత్స చెప్పెదము. ఒట్టి దద్దురులకు మాత్రమే సెట్రిజిన్ వంటి మాత్ర చాలును. అది హిస్టమిను కూర్చుండు పీటలను కప్పును. వాచిన గొంతును తెరవజాలదు, పడిన రక్తపుపోటును లేపజాలదు. గొంతు బొంగురు, ఆయాసము, తల తిరుగుట, దద్దురులతో కూడిన మరల మరల వాంతి, వీనిలో ఏది కనబడినను ఎడ్రినలిన్ సూది యొక్కటే మందు. అది నాళములను బిగించును, శ్వాసనాళములను వదులుచేయును, మాస్టు కణములను శాంతపరచును. హిస్టమిను చేసినదంతయు ఎదురుగా చేయునని తెలిసికొనుడు. తొడ వెలుపలివైపు నడిమి భాగమున, కండలోనికి. దేహపు బరువు ఒక్కొక్క కిలోకు 0.01 మిల్లీగ్రాము, పెద్దవారికైనను ఒకమారునకు 0.5 మిల్లీగ్రాముకు మించరాదు. తగ్గనిచో 5 నిమిషముల తరువాత మరల ఇయ్యవచ్చును. రోగిని పరుండబెట్టి కాళ్లు ఎత్తి యుంచవలెను, ఆయాసమున్నచో కూర్చుండనీయవలెను. లేపి నడిపించుట మిక్కిలి ప్రమాదము. జారిపోయిన రక్తము కాళ్లలోనికి దిగి గుండె ఖాళీయగును. సూదితో నెమ్మదించినను ఆసుపత్రికి పోవలసినదే. రాత్రి రెండవ దఫా వచ్చునని ముందే చెప్పితిమి.

ఈ మందు చిన్న గాజుబుడ్డిలో నుండును, ఖరీదు స్వల్పము. మన వసతిగృహమున పదుల సంఖ్యలో పిల్లలు మనలను నమ్మి యుండగా అచ్చట నిది లేదు, ఏ పిల్లవానికి ఏది పడదో వ్రాసిన పుస్తకము లేదు. కార్యవర్గమువారికి మేము వ్రాసియిచ్చిన వినతిలో నాలుగు కోరికలు గలవు: ప్రవేశపత్రములోనే తల్లిదండ్రులు ఈ వివరము వ్రాయవలెను, వంటశాలలో ఆ జాబితా గోడకు కట్టవలెను, రొయ్యలు వండిన నూనె వేరుగా నుంచవలెను, వైద్యుని లిఖితపూర్వకమైన సూచనతో ఎడ్రినలిన్ బుడ్లును సూదులును సంరక్షకుని గదిలో, తాళము లేని పెట్టెలో నుంచవలెను. తాళముండవలెనని కార్యవర్గములో నొకరు అభ్యంతరము చెప్పిరి. తాళపుచెవికై వెదకు కాలములో జరుగునదేమో ఇంతవరకు విన్నారు గనుక దానికి వేరుగా సమాధానము చెప్పము.

మధ్యాహ్న భోజనానంతరము 3 గంటలకు ఈ మందిరపు వెనుక గదిలో, మందు లేని యుత్త సూదులతో నారింజపండ్లపై అభ్యాసము చేయింతుము. వసతిగృహ సంరక్షకులును, వంటవారును, విందులు నడుపు పెద్దలును వచ్చినచో సంతోషము. పండ్లను పోషకులొకరు పంపియున్నారు.